ఆ రోజు పేజీ జాతకం కాదు

ఏటా డిసెంబరు 31 రాత్రి మా చర్చిలో ఆరాధన అయ్యాక, కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డు ఒక్కొక్కరూ తీసుకుంటారు. అప్పుడు నా దగ్గరికొచ్చే మాట ఒకటే: "అయ్యగారూ, నాకు శ్రమల వాక్యం వచ్చింది. ఇంకో వాగ్దానం కార్డు తీసుకోవచ్చా?" మొదట్లో నవ్వేవాణ్ణి.

ఇలాంటిదే ఇంకో అపోహ: రోజుకో పేజీ చొప్పున చదివే ధ్యాన పుస్తకంలో ఆ తేదీకి ఉన్న మాట, ఆ రోజు మనకు జరగబోయేది చెబుతుంది.

చెప్పదు. మా సంఘంలో ఒకమ్మ, భర్త ఐసీయూలో ఉండగా 'ఎడారిలో సెలయేర్లు' అనే ధ్యాన పుస్తకం తెరిచింది. ఆదరణ మాట కనబడింది. స్వస్థత ఖాయమని బంధువులందరికీ ఫోన్లు చేసింది. నాలుగో రోజు ఆయన పోయారు. ఆ తర్వాత రెండేళ్లు ఆమె ఆ పుస్తకమే కాదు, బైబిలు కూడా తెరవలేదు. "నా విశ్వాసం చాల్లేదేమో అయ్యగారూ" అనేది. ఆ మాట ఆమె చెవిలో వేసిన పుణ్యాత్ములెవరో నాకు ఇప్పటికీ తెలీదు, తెలియకపోవడమే మంచిది.

ఆ పుస్తకం కూర్చిన కౌమన్ అమ్మగారి సంగతి ఆమెకు చెప్పాను. జపాన్‌లో మిషనరీలుగా పనిచేసిన దంపతులు. భర్త గుండెజబ్బుతో మంచాన పడితే ఆరేళ్లు సేవ చేస్తూ, తనకు ఓదార్పునిచ్చిన రాతలన్నీ ఏరి దాచుకున్నారు. ఆయన 1924లో చనిపోయారు. పుస్తకం 1925లో వచ్చింది. అడిగిన స్వస్థత దొరకని ఇంట్లో పుట్టిన పేజీలవి. ఆమె కాసేపు ఊరుకుని, "ఆవిడ భర్త కూడా పోయారా?" అని రెండుసార్లు అడిగింది.

యిర్మీయా 29:11 సంగతీ అంతే. మీకు హాని కాదు, మేలే ఉద్దేశించానని దేవుడు చెప్పే బైబిలు వచనమది. క్యాలెండర్ మీద ఆ వచనం ఒక్కటే వేస్తారు. దాని పైనున్న 10వ వచనం చదవండి: బబులోనులో 70 ఏళ్లు గడిచాకే అని ఉంటుంది. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దాన్ని అందుకున్న పెద్దవాళ్లు తిరుగు ప్రయాణం చూసి ఉండరు. పేజీలో వచనం కనబడితే ఆ అధ్యాయమంతా తీయండి, పది నిమిషాల పని.

ఒకరోజు చదవకపోతే కీడు జరుగుతుందా? జరగదు. తప్పిన పేజీలు అప్పు తీర్చినట్టు ఒక్కసారే చదవొద్దు, ఈరోజు తేదీ తెరవండి చాలు.

బైబిలు తప్ప వేరే పుస్తకం ముట్టకూడదనేవాళ్లు ఆదివారం తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరిగారి కీర్తన గొంతెత్తి పాడతారు. అదేమిటి మరి?

చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉంచుకోండి. మా నాన్నగారి పాత ప్రతిలో ఒకచోట అంచున "అర్థం కాలేదు" అని రాసి ఉంది. దాని కింద మరుసటేడు తేదీ వేసి, "ఇప్పుడూ కాలేదు." మొన్న అదే పేజీ చదివి, ఆ కిందే నేనూ తేదీ వేశాను.