బీఫార్మసీ మందుల షాపు కోసం పుట్టలేదు: బెంగళూరు తెలుగు విద్యార్థుల ప్రశ్న వెనక ఉన్న చరిత్ర

నీట్ ర్యాంకులు తేలాక బెంగళూరులో మారతహళ్లి, యలహంక, హెబ్బాళ్ వైపు పీజీ హాస్టళ్లలో తెలుగు మాటలు ఎక్కువవుతాయి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాల నుంచి బైపీసీ చదివిన పిల్లలు నర్సింగుకో ఫార్మసీకో ఇక్కడికి వస్తారు. వెంట వచ్చిన తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: రెండేళ్ల డిప్లొమా డీఫార్మసీ, నాలుగేళ్ల డిగ్రీ బీఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్‌డీ, ఈ మూడిట్లో ఏది చదివిస్తే పిల్ల స్థిరపడుతుంది? సీట్లు ఇప్పించే కన్సల్టెన్సీ వాళ్లు జీతాల లెక్క చెప్పి ఊరుకుంటారు. ఆ లెక్క చాలదు. ఈ మూడు చదువులూ మూడు వేర్వేరు కాలాల్లో, మూడు వేర్వేరు అవసరాల కోసం వచ్చాయి. అది తెలియకుండా ఫీజు కడితే నాలుగేళ్ల తర్వాత ఇంటిల్లిపాదికీ టెన్షనే.

బ్రిటిష్ కాలంలో మందు ఇచ్చే మనిషి కాంపౌండర్. డాక్టరు చీటీ రాస్తే ద్రావకాలు కొలిచి, కలిపి, సీసాలో పోసేవాడు. సీసా పక్కన గంట్లు కత్తిరించిన కాగితం పట్టీ అతికించేవాడు. ఒక్కో గంటు ఒక్కో మోతాదు. చదువురాని రోగికి కూడా ఎంత తాగాలో ఆ పట్టీ చూస్తే తెలిసేది. అది నిజమైన వృత్తి నైపుణ్యం. కానీ దానికి దేశమంతటికీ వర్తించే చట్టం గానీ, ఒకే రకమైన చదువు గానీ లేవు. మార్కెట్లో కల్తీ మందులు, నాసిరకం క్వినైన్ పెరిగిపోవడంతో 1930లో ప్రభుత్వం కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన కమిటీ వేసింది. మందుల నాణ్యతకు చట్టం కావాలని, ఫార్మసీ వృత్తిని క్రమబద్ధం చేయాలని ఆ కమిటీ 1931లో చెప్పింది.

ఇక్కడే దారి రెండుగా చీలింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎం.ఎల్. ష్రాఫ్ 1932లో ఫార్మస్యూటికల్ కెమిస్ట్రీ బోధన మొదలుపెట్టారు. 1937లో అది బీఫార్మసీ కోర్సు అయింది. దిగుమతుల మీద ఆధారపడకుండా మందులు ఇక్కడే తయారు కావాలన్నది ఆ కాలపు తపన, అందుకే చదువంతా రసాయనాలు, తయారీ, పరీక్షల చుట్టూ తిరిగింది. షాపు కౌంటర్లో మందు ఇచ్చే పని సంగతి వేరుగా నడిచింది. 1940లో మందుల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం, 1949లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వచ్చాయి. అప్పటికే అయిదేళ్లకు తక్కువ కాకుండా మందులు కలిపే పనిలో ఉన్న కాంపౌండర్లకు కూడా తొలి రిజిస్టర్‌లో చోటిచ్చారు. 1953 విద్యా నిబంధనలతో డిప్లొమా కనీస అర్హతగా స్థిరపడింది. అంటే డిగ్రీ ఫ్యాక్టరీ వైపు, డిప్లొమా షాపు, ఆసుపత్రి వైపు వెళ్లాయి. రిజిస్టర్ మాత్రం ఒక్కటే. ఈరోజుకీ రెండేళ్లు చదివినా, నాలుగేళ్లు చదివినా, ఆరేళ్లు చదివినా ఆ రిజిస్టర్‌లో అందరూ ఫార్మసిస్టులే. ఫార్మసీ ఉద్యోగాల్లో కనిపించే చాలా చిక్కులకు మూలం ఇదేనని నా నమ్మకం.

ఫ్యాక్టరీ దారి తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ హైదరాబాద్ బాలానగర్‌లో ప్లాంటు పెట్టింది. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, అదే మందును వేరే పద్ధతిలో చేసే వీలు మన కంపెనీలకు దొరికింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. బెంగళూరులో బయోకాన్ అంతకు ముందే, 1978లో మొదలైంది. ఇక్కడ విద్యార్థులకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మందుల ముడి రసాయనాలు చేసే బల్క్ డ్రగ్ ప్లాంట్లలో బీఫార్మసీ వాళ్లకు గట్టి పోటీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్ల నుంచే. బీఫార్మసీకి అసలు బలం మాత్రలు, క్యాప్సూళ్లు, ఇంజెక్షన్లు తయారుచేసే ఫార్ములేషన్ యూనిట్లలో ఉంది. తయారీని పర్యవేక్షించే టెక్నికల్ స్టాఫ్ హోదాకు ఫార్మసీ డిగ్రీ ఉంటే 18 నెలల అనుభవం చాలు, కెమిస్ట్రీ సైన్సు డిగ్రీకి 3 ఏళ్లు కావాలి. ఈ తేడా 1945 నాటి మందుల రూల్స్‌లోనే రాసి ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు కూడా అంతే, దానికి డిగ్రీ తప్పనిసరి, డిప్లొమా పనికిరాదు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ల మధ్య విరామం ఎక్కువ. దాన్నే నమ్ముకుని ఏళ్ల తరబడి కూర్చోవడం మంచిది కాదు.

ఇక షాపు. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇచ్చేది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే అయి ఉండాలి. షాపులో గోడ మీద ఫోటోతో సహా ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ కనిపిస్తుంది. ఆ ఫోటోలో ఉన్న మనిషి కౌంటర్లో ఉన్నాడా అని మనలో ఎంతమంది చూస్తాం? నెలకింత అని తీసుకుని సర్టిఫికెట్ అద్దెకిచ్చే అలవాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, కర్ణాటకలోనూ ఉంది. అద్దెకిచ్చేవాళ్లకి అది పైసంపాదనలా కనిపిస్తుంది. కానీ ఫోటో అద్దెకు దొరుకుతుంటే, రోజంతా నిలబడి పనిచేసే ఫార్మసిస్టుకు ఏ యజమానీ మంచి జీతం ఇవ్వడు. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా నిబంధన ప్రకారం కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఫార్మసిస్టు లేని షాపులో ఆ రిజిస్టర్‌కు అర్థం లేదు. యాంటీబయాటిక్స్ పనిచేయకుండా పోతున్నాయని బాధపడేవాళ్లు ముందు చూడాల్సిన చోటు ఇదే.

ఈ రెండు దారులకూ బయట, బెంగళూరుకు తగిన మూడో దారి ఒకటి తెరుచుకుంది. 2005 జనవరిలో క్లినికల్ ట్రయల్స్ నిబంధనలైన షెడ్యూల్ వైని సవరించడంతో విదేశాల్లో జరిగే ట్రయల్స్ (మనుషుల మీద మందుల పరీక్షలు) దశలను ఇక్కడ కూడా అదే సమయంలో జరిపే వీలు కలిగింది. ప్రపంచ కంపెనీలు మందుల భద్రతా సమాచారం చూసే పనిని ఇక్కడి టెక్ పార్కులకు పంపాయి. మందుల దుష్ప్రభావాలను గమనించే ఈ పనినే ఫార్మకోవిజిలెన్స్ అంటారు. మన ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. ఆ ఆఫీసుల్లో పని ఎలా ఉంటుందంటే: ఎక్కడో ఒక రోగికి మందు వేసుకున్నాక కాలేయం దెబ్బతిందని రిపోర్టు వస్తుంది. ఆ మందు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆపారు, ఆపాక తగ్గిందా, ఇంకేం మందులు వాడుతున్నాడు అన్నీ వరసగా పేర్చి, లక్షణాలకు ప్రామాణిక కోడ్‌లు ఇచ్చి, జరిగింది కథనంగా రాయాలి. తీవ్రమైన, ముందుగా ఊహించని కేసైతే సాధారణంగా 15 రోజుల గడువు. మందులు ఒంటిలో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ బాగా చదివిన పిల్లలు ఇక్కడ రాణిస్తారు. ఇంగ్లీషులో స్పష్టంగా రాయగలగడం కూడా అంతే అవసరం, మన జిల్లాల పిల్లలు వెనకబడేది ఎక్కువగా అక్కడే. కాలేజీలో ఉండగానే దాని మీద పని చేస్తే, తర్వాత లక్షలు పోసి ట్రైనింగ్ సర్టిఫికెట్లు కొనాల్సిన పని ఉండదు.

ఫార్మ్‌డీ 2008లో వచ్చింది. అయిదేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, దానికి 300 పడకల ఆసుపత్రితో అనుబంధం. రోగి పక్కన నిలబడి, ఒక మందు మరో మందుతో గొడవ పడుతోందా, కిడ్నీ పనితీరుకు తగ్గ మోతాదేనా అని చూసే క్లినికల్ ఫార్మసిస్టు కోసం ఇది పుట్టింది. విదేశీ కారణం కూడా ఒకటుంది. 2003 తర్వాత పట్టా పొందినవాళ్లు అమెరికాలో ఫార్మసిస్టు పరీక్షకు కూర్చోవాలంటే కనీసం అయిదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ ఒక్కటే దానికి చాలదు. అయితే కోర్సు వచ్చిందే గానీ, ప్రభుత్వాసుపత్రుల్లో దానికి తగ్గ పోస్టులు చాలా రాష్ట్రాలు సృష్టించలేదు. ఫార్మసిస్టు ఉద్యోగమంటే అక్కడ ఇంకా మందుల స్టోరు, పంపిణీ కిటికీయే. బెంగళూరులో ఆసుపత్రుల నాణ్యతను చూసే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉన్న పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు క్లినికల్ ఫార్మసిస్టులను తీసుకుంటాయి, కానీ ఏటా బయటికొచ్చే అందరికీ అవి సరిపోవు. అందుకే ఆరేళ్లు చదివిన పిల్లలు చాలామంది చివరికి ఫార్మకోవిజిలెన్స్ ఆఫీసుల్లోనే తేలుతున్నారు. ఆ చదువు రోగి మంచం దగ్గరికి చేరకపోవడం పిల్లలకే కాదు, రోగులకూ నష్టం.

కాలేజీలు మితిమీరాయని ఫార్మసీ కౌన్సిల్ 2019లో గుర్తించి, 2020-21 నుంచి అయిదేళ్లపాటు కొత్తవి వద్దంది. కాలేజీలు కోర్టుకెళ్లాయి, 2022లో ఆ నిషేధం చెల్లలేదు. సీట్లు మళ్లీ పెరిగాయి. డిప్లొమా వాళ్లకు రిజిస్ట్రేషన్‌కు ముందు ఎగ్జిట్ పరీక్ష ఉండాలని అదే ఏడాది నిబంధనలు వచ్చాయి. రెండేళ్లలో షాపు పెట్టుకుందామనుకునే కుటుంబాలు ఈ పరీక్షను లెక్కలో వేసుకోవాలి. బెంగళూరులో చదివేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి: రిజిస్ట్రేషన్ నివాసమో వృత్తో ఉన్న రాష్ట్రంలోనే దొరుకుతుంది. కర్ణాటక రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకుని తర్వాత కడపలోనో కర్నూల్లోనో షాపు పెట్టాలంటే, ముందు ఆ పేరును ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు మార్పించుకోవాలి.