బంగాళాఖాతం వేడెక్కితే విశాఖకి ఏమవుతుంది?

ప్రియమైన పిల్లలకు,

ఎక్కడో మంచు కరిగితే మనకేంటని మొన్న అడిగారు కదా. ఫోన్లో చెబితే సగమే వింటారు, అందుకే రాస్తున్నాను.

బొగ్గు, పెట్రోలు కాల్చగా వచ్చిన కార్బన్ డయాక్సైడు భూమి వేడిని బయటికి పోనివ్వదు. అలా చిక్కుకున్న వేడిలో దాదాపు 90 శాతం సముద్రాల్లోకే చేరుతోంది. తుఫాను పుట్టాలంటే పైనీరు సుమారు 26.5 డిగ్రీలు దాటాలి. మన బంగాళాఖాతం ఏడాదిలో చాలా నెలలు అంతకంటే వెచ్చగానే ఉంటుంది. ఇంకా వేడెక్కితే తుఫాన్ల సంఖ్య పెరుగుతుందని గట్టిగా చెప్పలేం గానీ, వచ్చేవాటికి బలం, వాన ఎక్కువవుతాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు మరి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదకే వచ్చింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి! విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, కైలాసగిరి మీద చెట్లు నేలకూలాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్‌కి కూడా క్యూలే. ఆ ఒక్క తుఫానుకీ వాతావరణ మార్పే కారణమని అననుగానీ, అలాంటిది వస్తే ఎవరి జేబుకి చిల్లు పడుతుందో మాత్రం ఊరంతా చూసింది.

అన్నిటికంటే ముందు జాలర్ల జేబుకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ 61 రోజులు వేట నిషేధం. ఆపైన తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా బోట్లు హార్బర్లోనే ఆగుతాయి. నీళ్ళు వేడెక్కితే చాలా రకాల చేపలు చల్లని చోటు వెతుక్కుంటూ పోతాయి. వాటి వెనక ఎంత దూరం వెళితే అంత డీజిల్. వల్లో ఏమీ పడకపోయినా ఆ బాకీ తీర్చాల్సిందే. బోటు ఆగితే ఐసు అమ్మేవాళ్ళకీ, గంపల్లో చేపలమ్మే ఆడవాళ్ళకీ ఆ రోజు బేరం ఉండదు.

ఇక ఒంటి సంగతి. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. అందుకే 36 డిగ్రీలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పొడి ఊళ్ళో 40 కంటే ఇక్కడి ఉక్కపోతే ఒక్కోసారి ప్రమాదం. ఇంట్లో ఏసీ ఉన్నవాళ్ళు ఎండ గురించి ఉపన్యాసాలిస్తారు. పోర్టులో బరువులెత్తే మనిషికి మాత్రం మధ్యాహ్నం పని ఆపితే కూలి పోతుంది, ఆపకపోతే వడదెబ్బ.

ఆర్కే బీచ్ కోతకి అంతా వాతావరణమే కారణమని ఎవరైనా అంటే నమ్మకండి. దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకను హార్బర్ కోసం కట్టిన గోడలు ఆపేస్తాయి. అందుకే డ్రెడ్జర్‌తో, అంటే అడుగున ఉన్న ఇసుక తోడే ఓడతో, ఇసుక తీసి మళ్ళీ బీచ్‌కి పోస్తుంటారు. అయితే వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, దానికి మీరడిగిన ఆ మంచు కరిగి వచ్చే నీళ్ళు తోడవుతాయి. అలా సముద్ర మట్టం పెరిగితే, అప్పటికే ఇసుక తగ్గిన ఒడ్డును అలలు ఇంకా లోపలికి కోస్తాయి. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు ఆ ఇసుక పోసే పైపు చూపిస్తాను.

ప్రేమతో,
తాతయ్య