ముక్కు అలర్జీ ఉన్నవారి ఊపిరి పరీక్షలో అంకెను ఎలా చదవాలి

ఆస్తమా ఎంత అదుపులో ఉందో తెలుసుకోవడానికి చేసే ఫీనో పరీక్ష, మనం వదిలే గాలిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలుస్తుంది. అలర్జీతో శ్వాసనాళాలు వాచినప్పుడు వాటి లోపలి పొర ఈ వాయువును ఎక్కువగా తయారుచేస్తుంది. లెక్క పీపీబీలో, అంటే వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లు అని. పెద్దల్లో 25 లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ. 12 ఏళ్లలోపు పిల్లలకు ఆ హద్దులు 20, 35.

చిక్కంతా ముక్కుతోనే. ముక్కులో, సైనస్‌లలో ఈ వాయువు ఊపిరితిత్తుల గాలిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది కాస్త కలిసినా కొలత చెడిపోతుంది. అందుకే పరికరం ఊదే గాలికి కొంత ఎదురొత్తిడి ఇస్తుంది. దానికి అంగిలి వెనక మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది. ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. గొట్టాన్ని పెదాలతో బిగించి, నోటితోనే నిండుగా పీల్చి, ఆగకుండా ఊదాలి. పెద్దలు సెకనుకు 50 మిల్లీలీటర్ల చొప్పున 10 సెకన్లు ఊదాలి. ఇది చాలా నెమ్మది. చాలామంది మొదటిసారి కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదేస్తారు, పరికరం ఆ ఊపిరిని లెక్కలోకి తీసుకోదు. వేగం పెరిగితే అంకె తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది కాబట్టి ఈ పట్టింపు తప్పదు.

పద్ధతి ప్రకారం చేసినా, ఆస్తమా లేని ముక్కు అలర్జీవారిలోనూ అంకె ఎక్కువ రావచ్చు. వయ్యారిభామ పుప్పొడికి తుమ్ములు పట్టిన మనిషికి కింది నాళాల్లోనూ కొంత వాపు ఉండొచ్చు. కాబట్టి ఆస్తమాతో పాటు ముక్కు అలర్జీ కూడా ఉన్నవారికి ఒక్కసారి వచ్చిన అంకె చూసి ఇన్‌హేలర్ డోసు పెంచడం సరికాదు. ఆస్తమా కుదురుగా ఉన్న రోజుల్లో తమ అంకె ఎంతో రాసిపెట్టుకుని, తర్వాతివాటిని దానితోనే పోల్చాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పనిచేస్తుంటే, 50 పైనున్న అంకె 20 శాతానికి మించి, అంతకన్నా తక్కువున్నది 10 పీపీబీకి మించి తగ్గాలి. తగ్గకపోతే మొదట చూడాల్సింది మందు రోజూ వాడుతున్నారా, సరిగ్గా పీలుస్తున్నారా అని. డోసు మాట ఆ తర్వాతే.

పరీక్షకు గంట ముందు నుంచి తిండి, పానీయాలు, వ్యాయామం వద్దు. పాలకూర, బీట్‌రూట్ లాంటివి అంకెను పెంచుతాయి, జలుబు కూడా అంతే. పొగ తాగేవారిలో అంకె తగ్గుతుంది. వాపు ఉన్నా లేనట్టు కనిపిస్తుంది కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం. ఊపిరితిత్తులు ఎంత గాలిని, ఎంత వేగంగా వదలగలవో కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష కూడా అదే రోజు ఉంటే ఫీనో ముందు చేయించుకోవాలి.

ఈ వాయువు పెరగని రకం ఆస్తమా కూడా ఉంది. అంకె తక్కువొచ్చినా రాత్రిళ్లు పిల్లికూతలు, ఆయాసం ఉంటే డాక్టరుకు చెప్పాల్సిందే.