పాట మధ్యలో గొంతు ఎందుకు పట్టేస్తుంది?

అయ్యప్ప మాలల సీజన్లో ప్రతి ఊళ్ళో కనిపించేదే ఇది. కార్తీకంలో ఖంగుమనే గొంతుతో భజన మొదలుపెట్టిన గురుస్వామికి మార్గశిరం సగానికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది, మాటే సరిగా పెగలదు, ఇక పాట సంగతి చెప్పక్కర్లేదు. అడిగితే మంచు పడిందనో చన్నీళ్ళ స్నానమనో అంటారు. జలుబు చేస్తే గొంతు పాడయ్యే మాట నిజమే కానీ ఎక్కువ దెబ్బ తగిలేది వేరే చోట. డోలక్, తాళాలు, సరిగ్గా సెట్ చెయ్యని మైకు, ఆ హోరులో మన గొంతు మనకే వినపడదు, వినపడకపోతే మనకి తెలీకుండానే అరుస్తాం. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి గొంతు దానంతటదే పెరుగుతుందని ఎటియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టరు 1911లోనే చెప్పాడు, దాన్ని ఇప్పటికీ లాంబార్డ్ ఎఫెక్ట్ అనే అంటారు. అంటే ఇది ఆ పాడే మనిషి తప్పేం కాదు. స్పీకర్ ఒకటి పాడేవాళ్ళ వైపు తిప్పి పెడితే సగం బాధ పోతుంది.

అసలు లోపల ఏం జరుగుతోందో ఒకసారి చూద్దాం. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు, పళ్ళ డాక్టర్లు వాడే లాంటి చిన్న అద్దం నోట్లో పెట్టుకుని, ఎండని ఇంకో అద్దంతో లోపలికి కొట్టించి, తన స్వరతంత్రులు తనే చూసుకున్నాడు. ఈ రోజు ఈఎన్‌టీ డాక్టర్లు గొంతులోకి చూసే పద్ధతికి పునాది వేసింది ఒక పాటల మాస్టారు అనుకుంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

స్వరపేటికలో ఎదురెదురుగా ఉండే రెండు మెత్తటి మడతలే ఈ స్వరతంత్రులు. మగవాళ్ళలో సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్ల పొడవు, ఆడవాళ్ళలో సుమారు 12 నుంచి 17. ఊపిరి కింద నుంచి తోసుకొస్తుంటే ఇవి తెరుచుకుంటూ మూసుకుంటూ కొట్టుకుంటాయి. వీణ తీగని బిగిస్తే స్వరం పైకెళ్ళినట్టే ఇవి సాగి పల్చబడితే గొంతు పైకెళ్తుంది. శృతి అంటే పాటకి 'స' ఎక్కడ పెట్టుకుంటామో ఆ ఎత్తు, కీబోర్డు మీద C అయితే ఒకటో శృతి, G అయితే ఐదో శృతి. ఒకటో శృతిలో పాడే మగాయన మంద్ర పంచమం, అంటే కింది స్థాయిలోని 'ప', పట్టినప్పుడు ఇవి సెకనుకి దాదాపు 98 సార్లు కొట్టుకుంటాయి, తారాస్థాయి పంచమం, అంటే పై స్థాయిలోని 'ప', పట్టినప్పుడు 392 సార్లు. ఐదో శృతిలో పాడే ఆవిడకైతే అవే రెండు స్వరాలు 147, 587. ఆవిడ ఆ తారాస్థాయి పంచమం పది సెకన్లు నిలబెడితే ఆ కాస్త కండ దాదాపు ఆరు వేల సార్లు ఒకదానికొకటి తగిలిందన్నమాట!

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది. ఇంట్లో, ఫంక్షన్లలో, కరోకే యాప్స్‌లో పాడేవాళ్ళ గొంతు సమస్యల్లో చాలావాటికి మొదటి కారణం తమది కాని శృతిలో పాడటం. ట్రాక్ ఏ శృతిలో ఉంటే ఆ శృతిలోనే అందుకుంటాం, అది ఏ బాలు గారికో జానకమ్మకో సరిపోయిన శృతి, మన స్వరతంత్రుల పొడవు, మందం వేరు. పల్లవి బానే నడుస్తుంది, చరణంలో ఎత్తు రాగానే గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు తేలతాయి, గొంతు పట్టేస్తుంది, వెంటనే "నాకు టాలెంట్ లేదు" అనేసుకుంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే అదే పాట రెండు మెట్లు దించి పాడితే చాలామంది హాయిగా పాడేస్తారు. ట్రాక్ పిచ్ మార్చే ఫ్రీ టూల్స్ బోలెడున్నాయి, వాడుకోండి, శృతి దించుకోవడం నామోషీ ఏమీ కాదు.

మన శృతి ఏదో తెలుసుకోడానికి కర్ణాటక సంగీతంలో ఉన్న లెక్క చాలా పనికొస్తుంది: కింద మంద్ర పంచమం గాలిలా పోకుండా వినపడాలి, పైన తారాస్థాయి పంచమం కేక పెట్టకుండా అందాలి. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకుని, మగవాళ్ళు ఒకటి దగ్గర, ఆడవాళ్ళు ఐదు దగ్గర మొదలుపెట్టి, అరమెట్టు చొప్పున అటూ ఇటూ జరుపుతూ చూడండి. పొద్దున లేవగానే చూడకండి, అప్పుడు గొంతు బరువుగా ఉండి కింది స్వరాలు ఉత్తినే పలుకుతాయి, సాయంత్రం ఇంకో లెక్క వస్తుంది.

శృతి సరిపోయినా పైకెళ్ళేటప్పుడు గొంతు చీలిపోయి కీచుమంటుంటే కారణం ఇంకోటి. కింది స్వరాల్లో స్వరతంత్రులు మందంగా ఉంటాయి, ఆ మందంతోనే, అదే వాల్యూమ్‌తో పైకి లాక్కెళ్తే ఒక దగ్గర భరించలేక ఠక్కున పల్చటి స్థితికి దూకేస్తాయి, చాలామంది మగవాళ్ళకి ఇది 300, 350 హెర్ట్జ్ ప్రాంతంలో జరుగుతుంది. దీనికి మందు గట్టిగా పాడటం కాదు, తగ్గించి పాడటం. "ఊ" అంటూ సన్నగా కింద నుంచి పైకి, మళ్ళీ కిందికి జారుతూ పాడండి, మెల్లగా ఆ అతుకు కనపడకుండా పోతుంది. సంగీతంలో మొదట నేర్పే స్వర పాఠాలు, సరళీ వరుసలు, అకారంలో అంటే స్వరాల పేర్లు చెప్పకుండా "ఆ" అంటూ, మూడు కాలాలూ అంటే మూడు వేగాల్లో పాడించడంలో కూడా ఈ ప్రయోజనం ఉందని నా నమ్మకం.

స్ట్రా ఎక్సర్‌సైజ్ గురించి కాస్త వివరంగా చెప్తాను. గ్లాసులో సగం నీళ్ళు పోసి, స్ట్రా ఒక రెండు వేళ్ళ లోతు ముంచి, దాంట్లోకి "ఊ" అని రాగం తియ్యండి. బుడగలు వస్తాయి. ఆ బుడగలు ఒకే తీరుగా వస్తున్నాయంటే ఊపిరి సమంగా వెళ్తోందని, మధ్యలో ఆగి మళ్ళీ బుడబుడమంటే మీరు ఊపిరిని గొంతు దగ్గర బిగిస్తున్నారని అర్థం, "ఊపిరి పట్టు" అని మాస్టార్లు అనేది ఇక్కడ కళ్ళకి కనపడుతుంది. స్ట్రా సన్నగా ఉండటం వల్ల నోట్లో గాలి కొంచెం వెనక్కి తంతుంది, ఆ ఒత్తిడి పైనుంచి స్వరతంత్రుల మీద పడి అవి మరీ గట్టిగా గుద్దుకోకుండా ఆపుతుంది. అమెరికాలో ఇంగో టిట్జె అనే స్వర శాస్త్రవేత్త దీని మీద చాలా కృషి చేశాడు. పాడే ముందు ఐదు నిమిషాలు చేస్తే గొంతు తేలిగ్గా లేస్తుంది, కచేరీ అయ్యాక చేసినా మంచిదే.

చిట్కాల సంగతికొస్తే, మిరియాల పాలు, కరక్కాయ, పటికబెల్లం, ఇవేవీ స్వరతంత్రులకి తగలవు. మింగినవన్నీ అన్నవాహికలోకి పోతాయి, స్వరపేటిక ఆ క్షణంలో మూసుకుపోతుంది, పొరపాటున ఒక చుక్క పడితే పొలమారుతుంది కదా. అలాగని ఇవి దండగ అనను, బుగ్గన ఏదైనా పెట్టుకుంటే లాలాజలం ఊరి గొంతులో గీర తగ్గుతుంది, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం తగ్గుతుంది, ఆ సవరింపు స్వరతంత్రులకి పెద్ద శత్రువు. నీళ్ళు కూడా తాగగానే అక్కడ తడి చేసెయ్యవు, ఒళ్ళంతా ఇంకి అక్కడిదాకా రావాలి, కాబట్టి స్టేజి ఎక్కేముందు లీటరు తాగే బదులు రోజంతా కొంచెం కొంచెం తాగాలి. ఆవిరి మాత్రం నేరుగా చేరుతుంది. రాత్రి పదింటికి బిర్యానీ తిని పడుకుంటే కడుపులోని యాసిడ్ పైకి తన్ని పొద్దున్నకి గొంతు బొంగురుగా ఉండొచ్చు, ఛాతీలో మంట లేకుండా కూడా ఇది జరుగుతుంది.

బొంగురు గొంతుతో కచేరీ ఉన్నప్పుడు పెయిన్‌కిల్లర్ వేసుకుని పాడేస్తుంటారు. దయచేసి అది మానండి. నొప్పి తెలీకపోతే ఇంకా ఎక్కువ అరుస్తాం, పైగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గిస్తాయి, స్వరతంత్రిలో చిన్న రక్తనాళం చిట్లితే ముప్పు. 2011లో గాయని అడెల్‌కి స్వరతంత్రిలో రక్తస్రావం అయింది, టూర్ రద్దు చేసుకుని సర్జరీ చేయించుకుని మౌనంగా ఉండి, 2012 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద మళ్ళీ పాడింది. మౌనం అంటే గుసగుసలాడటం కాదు, గుసగుసలో చాలామందికి స్వరపేటిక ఇంకా బిగుస్తుంది.

బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా పోకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికెళ్ళి స్కోప్ పెట్టించుకోవాల్సిందే, పొగ తాగేవాళ్ళయితే అంతకాలం కూడా ఆగొద్దు. ఎక్కువగా అరిచేవాళ్ళకి, టీచర్లకి, పాడేవాళ్ళకి స్వరతంత్రుల రెండు వైపులా కాయల్లాంటి నాడ్యూల్స్ వస్తాయి, సరిగ్గా రెండూ గట్టిగా తగిలే చోటే. పేరు వినగానే ఆపరేషన్ అని భయపడతారు కానీ వీటికి ముందు ఇచ్చేది వాయిస్ థెరపీ, గొంతు వాడే తీరు మారిస్తే చాలామందికి అవే తగ్గుతాయి.

ఇంకో మాట, పన్నెండు పదమూడేళ్ళ మగపిల్లలున్న అమ్మానాన్నలకి. ఆ వయసులో స్వరపేటిక పెరిగి గొంతు కిందికి దిగుతుంది, నిన్నటిదాకా ఐదు శృతిలో పాడినవాడు ఇవాళ ఎక్కడ పడితే అక్కడ చీలిపోతాడు. పోటీలకి తీసుకెళ్ళి పాత శృతిలోనే పాడమని ఒత్తిడి పెట్టకండి. నెల నెలా శృతి మార్చుకుంటూ, అందిన నాలుగు స్వరాల్లోనే, చిన్న గొంతుతో పాడనివ్వండి, గొంతు కుదురుకున్నాక కొత్త శృతి వెతుక్కోవచ్చు.