కొత్త విమానాలు వస్తే సరిపోతుందా? ఒక ఇంజిన్ ఫిట్టర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లు వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేసి ఇంటికొచ్చాను. కొత్త యుద్ధవిమానం వార్త రాగానే మా ఊరి కుర్రాళ్లు దాని వేగమెంత, ఎన్ని క్షిపణులు మోస్తుందని అడుగుతారు. దాన్ని ఎవరు నడుపుతారు, ఎవరు సిద్ధం చేస్తారని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: మంచి విమానం ఉంటే నడిపేవాళ్లు ఎలాగూ దొరుకుతారు.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ అన్నిటికంటే ఎక్కువ విమానాలు తయారుచేసిన ఏడాది 1944. ఆకాశం మీద పట్టు చేజారిందీ ఆ ఏడాదే. ఆరితేరిన పైలట్లు చనిపోయారు. పెట్రోలు కరువై కొత్తవాళ్లకు గాల్లో నేర్పే గంటలు కోసేశారు.

మన దగ్గరా ఆ శిక్షణ లోటు ఉండేది. కిరణ్ లాంటి నెమ్మది జెట్ మీద నేర్చుకున్న కుర్రాడు, గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో రన్‌వే మీద దిగే మిగ్-21 ఎక్కాల్సి వచ్చేది. మధ్యలో ఒక మెట్టు కావాలని, యుద్ధవిమాన ప్రమాదాలపై వేసిన లా ఫోంటేన్ కమిటీ 1982లోనే చెప్పింది. ఆ మెట్టు, అంటే హాక్ అనే శిక్షణ జెట్, బీదర్ వైమానిక స్థావరానికి చేరింది 2008లో. ఆ ఇరవై ఆరేళ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: సిమ్యులేటర్ (నేలమీదే విమానం నడిపినట్టు సాధన చేయించే యంత్రం) ఉంటే ఎగరక్కర్లేదు.

వాస్తవం: ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో అందులో వందసార్లు సాధన చేయొచ్చు, మంచిదే. కానీ గట్టిగా మలుపు తిప్పినప్పుడు ఒంటి బరువు ఆరేడింతలై చూపు మసకబారడం గదిలో కూర్చుంటే తెలియదు.

అపోహ: శిక్షణ యూనిట్లు యుద్ధానికి పనికిరావు.

వాస్తవం: 1971 డిసెంబరు 5 ఉదయం రాజస్థాన్‌లోని లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను చెదరగొట్టిన హంటర్ యుద్ధవిమానాలు ఒక శిక్షణ యూనిట్‌వే. పైలట్లకు హంటర్ నేర్పే ఆపరేషనల్ కన్వర్షన్ యూనిట్ అది. ఆ విమానాలకు రాత్రిపూట దాడిచేసే వీలు లేదు. తెల్లవారేదాకా అక్కడి సైనిక పోస్టులో ఉన్న సుమారు 120 మంది సైనికులు కాచుకున్నారు. వెలుగు రాగానే జైసల్మేర్ నుంచి హంటర్లు లేచాయి. రోజూ ఇతరులకు నేర్పిన చేతులవి, గురి తప్పలేదు.

అపోహ: వైమానిక దళమంటే పైలట్లే.

వాస్తవం: మా షిఫ్ట్‌లో ఒకసారి చిన్న స్పానర్ లెక్కకు రాలేదు. అది ఇంజిన్‌లో ఉంటే లోపల తిరిగే బ్లేడ్లు ముక్కలవుతాయి. విమానం ఆపేశాం. అర్ధరాత్రి దాకా టార్చిలతో ప్యానెళ్లన్నీ విప్పి వెతికాం. పోగొట్టింది కొత్తగా వచ్చిన కుర్రాడే. అయినా ముందుగా వచ్చి చెప్పాడు. దాచిపెట్టకుండా చెప్పే ఆ ధైర్యం కూడా శిక్షణలో భాగమే, అది అలవడడానికి ఏళ్లు పడుతుంది. స్పానర్ ఒక ప్యానెల్ అంచున దొరికింది. పొద్దున్నే, విమానం ఎగరడానికి సిద్ధమని రాసే ఫారం 700లో మేం సంతకాలు పెట్టాం. పైలట్ సారు వాటిని చదివి, తన సంతకం పెట్టి, నిచ్చెన ఎక్కారు.