కొండమీద దీపం సరే, బల్ల దగ్గరికి ఎవరు రావచ్చు?

ఒహాయో నది ఒడ్డున రిప్లీ అని ఒక చిన్న ఊరు. నది అవతల కెంటకీ. అంతర్యుద్ధం ముగిసేదాకా అవతలి ఒడ్డున మనిషిని కొనొచ్చు, అమ్మొచ్చు. ఇవతల ఒహాయో చట్టం ఒప్పుకోదు. ఈ ఊరి ప్రెస్బిటేరియన్ సంఘం (ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) పేరెత్తితే అందరూ ముందు చెప్పేది కొండమీది చిన్న ఇటుకల ఇంటి గురించే. కాపరి (పాస్టర్) జాన్ ర్యాంకిన్ రాత్రిళ్లు కిటికీలో దీపం పెట్టేవాడని, పారిపోయి వచ్చే బానిసలకు అదే గుర్తని. నిజమే. కాకపోతే సంఘంలో అసలు తగువు దీపం దగ్గర కాదు, ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసు జ్ఞాపకార్థం సభ్యులు రొట్టె, ద్రాక్షారసం పంచుకునే చోట. బానిసలున్న యజమానికి రొట్టె, ద్రాక్షారసం ఇవ్వొచ్చా?

ఈ తగువు అర్థం కావాలంటే ప్రెస్బిటేరియన్ల ఏర్పాటు కొంచెం తెలియాలి. సంఘస్థులు పెద్దలను ఎన్నుకుంటారు. కాపరి అధ్యక్షతన ఆ పెద్దలు కూర్చుంటే అది సెషన్. ఎవరిని సంఘంలో చేర్చుకోవాలి, ఎవరిని బల్లకు దూరంగా ఉంచాలి అన్నది సెషన్ పని. దాని పైన ప్రెస్బిటరీ: చుట్టుపక్కల కాపరులంతా, సంఘానికి ఒక పెద్ద. కాపరి సభ్యత్వం ఊరి సంఘంలో ఉండదు, ప్రెస్బిటరీలో ఉంటుంది. అతనికి అభిషేకం ఇచ్చేదీ, తప్పు చేస్తే విచారించేదీ అదే. ఆపైన సినడ్, అన్నిటికీ పైన ఏటా కూడే జనరల్ అసెంబ్లీ. కింది తీర్పు నచ్చకపోతే మెట్టు మెట్టుగా అప్పీలుకు వెళ్లొచ్చు. (మన మదనపల్లె వైపు ఆర్కాటు మిషన్ సంఘాలకు ఈ పద్ధతి కొత్త కాదు, అవి 1947లో సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశాయి.)

చిక్కంతా బదిలీ పత్రంలో ఉంది. ఊరు మారిన సభ్యుడు పాత సెషన్ నుంచి ‘ఈయన మంచి సాక్ష్యం గలవాడు’ అని ఒక కాగితం తెచ్చుకుంటాడు. అది చూసి కొత్త సెషన్ చేర్చుకోవడం ఆనవాయితీ. కెంటకీలో పదిమంది బానిసలున్న పెద్దమనిషి ఆ కాగితంతో నది దాటి వస్తే? వద్దంటే సాటి సెషన్ మాట చెల్లదన్నట్టే, పైగా ఇద్దరూ ఒకే అసెంబ్లీ కింద ఉన్నవాళ్లు. సరే అంటే ఆదివారం బల్ల మీద రొట్టె అతనికి, రాత్రి కొట్టంలో చోటు అతని దగ్గర్నుంచి పారిపోయి వచ్చినవాడికి. ఏ ఊరి సంఘమూ తనంత తానుగా తెంచుకోలేని ముడి ఇది.

అసెంబ్లీ ఏమందో చూడండి. 1818లో బానిసత్వం దేవుని ధర్మశాస్త్రానికీ సువార్త స్వభావానికీ పూర్తిగా విరుద్ధమని గట్టిగానే తీర్మానించింది. అదే సమావేశంలో, బానిస యజమానులను ఘాటుగా ఎండగట్టిన వర్జీనియా కాపరి జార్జ్ బోర్న్‌ను పదవి నుంచి తీసేయడాన్ని ఖాయం చేసింది. తీర్మానం కాగితం మీద, శిక్ష మనిషి మీద. ఆ తర్వాత ఇరవై ఏళ్లు దక్షిణాదివారు ఈ రెండోదాన్నే పట్టుకున్నారు.

ఇలా నోరు నొక్కించుకున్నవాళ్లు అంతకుముందు నుంచే ఒక్కొక్కరుగా ఒహాయో చేరుతున్నారు. రిప్లీకి ఐదారు మైళ్ల దూరంలోని రెడ్ ఓక్ సంఘానికి కాపరిగా వచ్చిన జేమ్స్ గిల్లిలాండ్ అంతకుముందు సౌత్ కరొలినాలో ఉండేవాడు. బానిసత్వం మీద ప్రసంగ వేదిక నుంచి మాట్లాడొద్దని అక్కడి ప్రెస్బిటరీ ఆంక్ష పెడితే సినడ్‌కు అప్పీలు చేసుకుని అక్కడా ఓడిపోయాడు. ర్యాంకిన్‌ది టెనెసీ. ఇలాగే బోధించేట్టయితే రాష్ట్రం వదిలిపొమ్మని పెద్దలే చెప్పారు. కెంటకీలో నాలుగేళ్లుండి, బానిసలకు చదువు చెప్పించబోతే అల్లరిమూకలు పడనివ్వలేదు. 1822 జనవరి మొదటికి కుటుంబంతో నది దాటి రిప్లీ చేరాడు. 44 ఏళ్లు ఆ ఊరిలోనే కాపరిగా ఉన్నాడు.

వచ్చాక తెలిసింది, వర్జీనియాలో వ్యాపారం చేసే తమ్ముడు థామస్ బానిసలను కొన్నాడని. అతనికి రాసిన ఉత్తరాలు 1824 నుంచి ఊరి పత్రికలో అచ్చయ్యాయి, 1826లో పుస్తకమయ్యాయి. ఆ తర్వాత థామస్ తన బానిసలను విడుదల చేశాడు.

ఇక రాత్రి పని. నది దాటడానికి పడవ కావాలి, లేదా వేసవిలో నీరు తగ్గాలి, లేదా చలికి గడ్డకట్టాలి. గడ్డ పల్చబడితే ప్రాణాంతకం. 1838లో చంటిబిడ్డతో అలాంటి మంచు మీద దాటొచ్చిన తల్లి కథే హారియట్ బీచర్ స్టో నవల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’లో ఎలైజా అయింది. ఒడ్డు నుంచి నిటారుగా మెట్లెక్కితే ర్యాంకిన్ ఇల్లు. అక్కడ ఎక్కువసేపు ఉంచేవారు కాదు, ఎందుకంటే బానిసలను పట్టుకునే వేటగాళ్లు ముందు వెతికేది ఆ ఇల్లే. తిండి పెట్టి, కొడుకుల్లో ఒకరు గుర్రం మీద అదే రాత్రి రెడ్ ఓక్ దాకా దిగబెట్టేవాడు. పారిపోయిన బానిసల మీద వచ్చిన 1850 చట్టంతో, సాయం చేస్తూ పట్టుబడితే 1,000 డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. అవతలి ఒడ్డుకెళ్లి మనుషులను తీసుకొచ్చే పని మాత్రం ర్యాంకిన్ వాళ్లది కాదు. అది ఒకప్పుడు బానిసగా ఉండి స్వేచ్ఛ కొనుక్కున్న ఊరి ఇనుప పోతల పనివాడు జాన్ పార్కర్ లాంటివాళ్ల సాహసం. సంఘ చరిత్రలు ఈ తేడాను తరచూ కలిపేస్తాయి.

బల్ల దగ్గరి ముడి మాత్రం విడలేదు. 1837-38లో ప్రెస్బిటేరియన్లు ఓల్డ్ స్కూల్, న్యూ స్కూల్ అని చీలారు. పైకి సిద్ధాంత భేదాలు, లోపల బానిసత్వం కూడా. ర్యాంకిన్ న్యూ స్కూల్ వైపు వెళ్లాడు. అక్కడా యజమానులు సభ్యులుగానే ఉన్నారు. పదేళ్లు చూసి, 1847లో అతనూ తోటి కాపరులూ బయటికొచ్చి ఫ్రీ ప్రెస్బిటేరియన్ చర్చి పెట్టారు. నియమం సూటిగా ఉంది: బానిసలున్నవాడికి సభ్యత్వం లేదు. బదిలీ పత్రం చిక్కు అలా తీరింది, మిగతా అందరితో సంబంధం తెగాక.

న్యూ స్కూల్ దక్షిణాదివారు 1857లో, ఓల్డ్ స్కూల్ దక్షిణాదివారు 1861లో విడిపోయారు. యుద్ధంతో బానిసత్వం పోయింది, ఫ్రీ చర్చి పని అయిపోయింది, దాని సంఘాలు పాత గూటికి చేరాయి. 1870కి ఉత్తరాది రెండు వర్గాలు కలిశాయి. ఉత్తర దక్షిణాలు మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నది అట్లాంటాలో, 1983 జూన్ 10న.