వేసవిలో టైర్లకు గాలి తగ్గించాలా? కారు టైర్లపై అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే మా టైర్ల షాపులో రోజూ వినిపించే మాట: “ఎండలు మండిపోతున్నాయి, రెండు మూడు పాయింట్లు తగ్గించి పట్టండి.” అన్నిటికంటే ముందు ఈ అపోహ పోవాలి. ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే.

వేడికి టైరులో ఒత్తిడి పెరిగేది నిజమే. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పాయింటు, అంటే గాలి ఒత్తిడి కొలతలో ఒక పీఎస్ఐ పెరుగుతుంది. అది తెలిసే కంపెనీ చల్లటి టైరుకు ఇంత గాలి ఉండాలని నిర్ణయిస్తుంది. గాలి తగ్గితే బండి బరువుకు సైడ్‌వాల్, అంటే టైరు పక్క భాగం, ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలుగుతుంది. అలా నలిగి నలిగి రబ్బరు లోపలి నుంచే కాగిపోతుంది. దానికి రోడ్డు వేడి, వేగం, లోడు తోడైతే లోపలి పొరలు విడిపోయి టైరు పేలుతుంది. మే నెల మధ్యాహ్నం ఇంటిల్లిపాదితో హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరేవారు దయచేసి గాలి తగ్గించకండి. నిండు లోడుకు కంపెనీ వేరే అంకె ఇచ్చి ఉంటే ఆ మేరకు పెంచండి.

ఆ అంకె టైరు మీద వెతకకూడదు. టైరు మీద ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. మీ కారుకు కావలసినది డ్రైవర్ తలుపు పక్కన స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. ముందు, వెనక టైర్లకు వేర్వేరుగా ఉండవచ్చు.

“చూస్తే తెలిసిపోతుంది, కాలితో తంతే తెలుస్తుంది” అనేవారు చాలామంది. ఇప్పటి కార్లకు ఉండే రేడియల్ టైరు సరిపడా గాలి ఉన్నప్పుడూ కింద కొంచెం ఉబ్బినట్టే కనిపిస్తుంది. 33 ఉండవలసిన చోట 26 ఉన్నా కంటికి ఆనదు. గాలి కొలిచే గేజ్ ఒకటి కొని, నెలకోసారి పొద్దున్నే బండి తీయకముందు చూసుకోండి. దూరం వెళ్లి వచ్చిన వెంటనే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి గాలి వదిలేయకండి.

నైట్రోజన్ పట్టిస్తే ఇక చూడనక్కర్లేదన్నదీ అపోహే. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. రెండూ కలిసినా నష్టం లేదు.

ఇక అరుగుదల. “గాడులు కనిపిస్తున్నాయి కదా, ఇంకో ఏడాది లాగుతుంది” అనే ముందు ఆ గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న దిమ్మలను చూడండి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. రబ్బరు వాటితో సమానమైతే టైరు అయిపోయినట్టే. వానల్లో తిరిగేవారికి 3 మిల్లీమీటర్లకే మార్చమని చెబుతాను, ఎందుకంటే గాడి లోతు తగ్గేకొద్దీ నీటిని పక్కకు తోసే శక్తి పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు టైర్ల లోపలి అంచు కూడా చూడండి. బయట కొత్తగా మెరుస్తూ లోపల తీగలు తేలిన టైర్లు మా దగ్గరికి తరచుగా వస్తాయి. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాల అమరిక, చూపించాలి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ.

తక్కువ తిరిగిన టైరు ఎన్నేళ్లయినా కొత్తదే అనుకోవద్దు. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆ అంకెలు బయటి వైపు కనిపించకపోతే లోపలి వైపు చూడండి. ఐదారేళ్లు దాటితే ఏటా షాపులో చూపించండి. పదేళ్లు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా వాడవద్దు.

గుంతలో పడ్డాక సైడ్‌వాల్ మీద బుడిపె కనిపిస్తే లోపలి దారాలు తెగాయన్నమాట. దానికి అతుకు లేదు, టైరు మార్చడమే. మేకు దిగితే ఇంట్లో పీకకండి. గాలి చూసుకుని, అలాగే నెమ్మదిగా షాపుకు తీసుకురండి.

స్టెప్నీకి కూడా గాలి చూడండి. సన్నటి స్టెప్నీ అయితే చాలావాటికి 60 పాయింట్లు కావాలి, 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆ రెండు అంకెలూ దాని మీదే రాసి ఉంటాయి.